గట్టు ఎలా తెగుతుంది? డచ్ వాళ్ళ వరద విద్య మీద ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. గోదావరి ఏటిగట్ల మీద ఉద్యోగం చేసినవాళ్ళూ, ఆ గట్ల కిందే ఇల్లు కట్టుకుని బతుకుతున్న రైతులూ ఇవాళ ఒకే హాల్లో కూర్చున్నారు. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోకుండా ఒక అంకెతో మొదలుపెడతాను.

రైన్ నది నెదర్లాండ్స్‌లోకి అడుగుపెట్టే చోటు లోబిత్. ‘నదికి చోటు’ అనే, నదిని వెడల్పు చేసే పథకంలో అక్కడ వాళ్ళు లెక్కకు తీసుకున్న వరద సెకనుకు 16,000 ఘనపు మీటర్లు. మన కొలతలో 5 లక్షల 65 వేల క్యూసెక్కులు. మన ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేదే 10 లక్షల దగ్గర. 1986 ఆగస్టులో అదే ధవళేశ్వరం దగ్గర 35 లక్షలు దాటింది. అంటే వాళ్ళు భయపడి లెక్కకట్టుకున్న వరద మనం 1986లో చూసినదానిలో ఆరో వంతు కూడా లేదు.

మరి వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి ఏముంది? ఉంది. వాళ్ళ నేల పల్లం. దేశంలో 26 శాతం సముద్ర మట్టం కంటే కింద ఉంది. నదుల వరద కూడా కలుపుకుంటే, గట్లే లేకపోతే మునిగే నేల సగానికి పైనే. స్ఖిపోల్ విమానాశ్రయం రన్‌వేలు సముద్ర మట్టానికి దాదాపు 4 మీటర్ల దిగువన ఉన్నాయి. అది ఒకప్పుడు చెరువు. 1849 నుంచి 1852 దాకా మూడు ఆవిరి పంపులు పెట్టి 18,000 హెక్టార్ల నీళ్ళు తోడేశారు. రాటర్‌డామ్ పక్కన ఒక పోల్డర్‌లో (నీళ్ళు తోడి, గట్టు కట్టి కాపాడుకునే పల్లం) నేల సముద్ర మట్టానికి 6.7 మీటర్ల కింద ఉంది. మనకు గండి పడితే నష్టం ఘోరంగానే ఉంటుంది, కాని నది తగ్గాక నీళ్ళు మురుగు కాలువలు పట్టుకుని నెమ్మదిగానైనా సముద్రానికి పోతాయి. అక్కడ పోవు. గండి పూడ్చి, పంపులు పెట్టి, నెలల తరబడి తోడుకోవాలి. కాబట్టి గట్టు ఎలా కట్టాలన్న దానికంటే గట్టు ఎలా తెగుతుందన్న దాన్నే వాళ్ళు ఎక్కువ చదివారు. నా దృష్టిలో వాళ్ళ విద్య అంతా అదే. పెద్ద పెద్ద గేట్ల ఫొటోలు అందరూ చూసే ఉంటారు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను, ముందు మట్టి సంగతి చూద్దాం.

1953 జనవరి 31 రాత్రి, తెల్లవారితే ఫిబ్రవరి 1. ఉత్తర సముద్రంలో వాయవ్యం నుంచి పెనుగాలి, దానికి తోడు పౌర్ణమి పోటు. వ్లిసింగెన్ దగ్గర నీళ్ళు ఆమ్‌స్టర్‌డామ్ ప్రామాణిక మట్టానికి (అంటే దాదాపు సగటు సముద్ర మట్టానికి) 4.55 మీటర్ల పైకి లేచాయి. నెదర్లాండ్స్‌లోనే 1,836 మంది చనిపోయారు. శనివారం సాయంత్రం వాతావరణ శాఖ ‘ప్రమాదకరమైన పోటు’ అని హెచ్చరిక ఇచ్చింది. కాని అర్ధరాత్రికి రేడియో ప్రసారాలు ఆగిపోయేవి, హెచ్చరిక టెలిగ్రాం తెప్పించుకునే ఏర్పాటు గట్లు చూసుకునే స్థానిక నీటి బోర్డుల్లో కొద్దిటికే ఉండేది. జనం నిద్రలో ఉన్నారు. 1977 నవంబరులో దివిసీమ ఏమైందో తెలిసిన మనకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఇంజనీర్లు గమనించాల్సింది ఒకటుంది. ఆ రాత్రి తెగిన గట్లలో ఎక్కువ భాగం సముద్రం వైపు నుంచి కోసుకుపోలేదు. లోపలి వైపు నుంచి, అంటే ఊరి వైపు వాలు నుంచి తెగాయి. అదెలాగంటే, అలలు గట్టు నెత్తి మీదుగా దూకాయి. లోపలి వాలు చాలాచోట్ల నిటారుగా, 1కి 1.5 చొప్పున, అంటే మీటరు ఎత్తుకు మీటరున్నర వెడల్పున ఉండేది. దూకిన నీళ్ళు పైపొర రేగడిలో పగుళ్ళ గుండా లోపలికి దిగి దాన్ని నానబెట్టాయి. నానిన పొర బరువెక్కి కిందికి జారింది. ఆ జారిన చోట దూకే నీళ్ళు ఇంకా లోతుగా కోశాయి. గట్టు వెనకనుంచి సన్నబడుతూ వచ్చి, చివరికి నెత్తి కూలింది. సముద్రం వైపు రాళ్ళ కట్టుబడి చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాని వెనక ఉండాల్సిన గట్టు లేదు.

దీనికి వెనక ఒక పాత పొరపాటు ఉంది. 1906లో జీలండ్‌లో వరద వచ్చాక గట్లు ఎత్తు పెంచాలనుకున్నారు. మట్టితో పెంచాలంటే పాదం కూడా వెడల్పు చెయ్యాలి, దానికి భూమి కొనాలి. ఖర్చు. అందుకని డె మురాల్ట్ అనే ఇంజనీరు పద్ధతిలో గట్టు నెత్తి మీద సన్నటి కాంక్రీటు గోడలు నిలబెట్టారు. 1935 దాకా అలాంటివి 120 కిలోమీటర్ల మేర కట్టారు. చూడటానికి గట్టు ఎత్తు పెరిగింది, కాని దాని ఒళ్ళు మాత్రం పాతదే. 1953లో ఆ గోడల మీదుగా, పక్కల నుంచి నీళ్ళు దూకినప్పుడు లోపలి వాలును అవి ఏమీ కాపాడలేదు. గట్టు నెత్తిన రెండడుగుల పిట్టగోడ పెట్టి ‘ఎత్తు పెంచాం’ అని రాసుకునే అలవాటు ఎక్కడ ఉన్నా ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాత వాళ్ళు లోపలి వాలును 1కి 3 దాకా పడుకోబెట్టారు. గడ్డి మీద పరిశోధన మొదలుపెట్టారు. ఔను, మామూలు గడ్డే. 2007 నుంచి ఒక యంత్రం తయారుచేసి, దాన్ని నిజమైన గట్టు నెత్తిన కూర్చోబెట్టి, తుపానులో అలలు దూకినట్టే విడతలు విడతలుగా నీళ్ళు వదిలి చూశారు. బాగా కాపాడుకున్న గడ్డి, మీటరు పొడవుకు సెకనుకు 30 లీటర్ల నీళ్ళు దూకినా తట్టుకుంది. చాలాచోట్ల 50 దాకా కూడా. అంతకుముందు లెక్కల్లో దానికి ఇచ్చిన విలువ చాలా తక్కువ. అదే గట్టు మీద ఎక్కడ తెగిందో చూస్తే, ఎక్కువసార్లు అతుకుల దగ్గరే: గడ్డికీ తారు రోడ్డుకీ మధ్య అంచు, మెట్ల పక్కన, కంచె స్తంభం మొదట్లో, ఎలుక బొరియ దగ్గర. గట్టి వస్తువు పక్కన మెత్తని వస్తువు ఉన్నచోట నీళ్ళు సుడి తిరిగి గుంట చేస్తాయి.

గడ్డిని కాపాడటమంటే ఏమిటో కూడా చెప్తాను. గట్టు గడ్డికి ఎరువు వెయ్యరు. ఎరువు వేస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, వేరు పైపైనే ఉండిపోతుంది. గట్టుకు కావల్సింది వేరు. ఏడాదికి రెండుసార్లు కోసి, కోసిన గడ్డిని అక్కడే కుళ్ళనివ్వకుండా తీసుకుపోతారు. లేకపోతే దాని కింద నేల బోడిపడుతుంది. గొర్రెల్ని మేపుతారు, అవి తేలిక కాబట్టి నేలను తొక్కి పాడుచెయ్యవు. వాన కాలంలో బరువైన పశువుల్ని గట్టు మీదికి రానివ్వరు. పైపొరకు వాడే రేగడికి కూడా కొలత ఉంది: అలలు బలంగా కొట్టే చోట ద్రవ పరిమితి (మట్టి ముద్దగా నిలవకుండా జారుగా మారే తేమ) 45 శాతం పైన ఉండాలి, ఇసుక 40 శాతం లోపు ఉండాలి. లోపల గర్భం ఇసుకే అయినా ఫరవాలేదు, పైన కప్పిన ఈ రేగడి దుప్పటి పూర్తిగా ఉంటే.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయానికి వస్తున్నాను. ఇందులో మన దేశానికి సూటిగా సంబంధం ఉంది.

వరద గట్టు నెత్తికి ఇంకా మీటరు కిందే ఉంది, గట్టు పొడిగా కనిపిస్తోంది, అయినా తెగిపోతుంది. ఎలా? గట్టు కింద నుంచి. నది పక్కన గట్లు సాధారణంగా పైన రేగడి పొర, దాని కింద ఇసుక ఉన్న నేల మీద నిలబడి ఉంటాయి. వరదలో నది మట్టం ఊరి మట్టం కంటే 3, 4 మీటర్లు ఎక్కువ ఉంటుంది. ఆ ఒత్తిడి కింది ఇసుక పొర గుండా ఊరి వైపుకు వస్తుంది. అక్కడ రేగడి పొర పల్చగా ఉంటే దాన్ని పైకి లేపి, పగలగొట్టి, నీళ్ళు బుగ్గలా ఉబుకుతాయి. ఊట నీళ్ళు తేటగా ఉన్నంతవరకు ప్రమాదం ఇంకా రాలేదు. ఆ నీళ్ళతో ఇసుక వస్తే మాత్రం, బుగ్గ చుట్టూ చిన్న చీమల పుట్టలాగా ఇసుక పేరుకుంటే, కింద సొరంగం పడుతోందన్నమాట. ఆ సొరంగం ఊరి వైపు మొదలై నది వైపుకు వెనక్కి పాకుతుంది. అది నదిని అందుకున్న క్షణంలో నీళ్ళు వేగం పుంజుకుని సొరంగాన్ని పెద్దది చేస్తాయి, గట్టు దాని మీదికి కుంగుతుంది, గండి పడుతుంది. ఇంజనీర్లు దీన్ని పైపింగ్ అంటారు.

డచ్ వాళ్ళు దశాబ్దాల పాటు ఈ ప్రమాదానికి వాడిన లెక్క ఎక్కడిదో తెలుసా? భారతదేశంలో పుట్టింది. 1898లో గంగ మీద నరోరా ఆనకట్ట ఇలాగే కింద నుంచి ఊట కోతతో దెబ్బతింది. దానికి కొంచెం ముందే రూర్కీ కాలేజీలో కర్నల్ క్లిబ్బర్న్ ఇసుకలో ఊట మీద ప్రయోగాలు చేశారు. ఈ అనుభవాలన్నీ చేర్చి, ఇక్కడ నీటిపారుదలలో పనిచేసిన బ్లై అనే ఇంజనీరు 1910లో సూత్రం రాశారు. చాలా సులువైనది. నీళ్ళు కట్టడం కింద పాకే దూరం, రెండు వైపుల మట్టాల తేడాకు ఇన్ని రెట్లు ఉండాలి అన్నారు. సన్నటి ఒండ్రు ఇసుకకు 18 రెట్లు. హిమాలయ నదుల్లాంటి సన్న ఇసుకకు 15. మధ్య, దక్షిణ భారత నదుల ముతక ఇసుకకు 12. అవును, మన నదుల పేరు పెట్టే ఆ పట్టిక రాశారు. హాలెండ్ గట్లు ఆ పట్టికతో సరిచూసుకున్నారు.

ఒకసారి లెక్క వేసి చూడండి. 5 మీటర్ల ఎత్తు గట్టు, నెత్తి 6 మీటర్లు, నది వైపు వాలు 1కి 2, ఊరి వైపు 1కి 3. పాదం వెడల్పు 31 మీటర్లు వస్తుంది. వరద 4 మీటర్లు నిలబడింది. ముతక ఇసుక అనుకున్నా 12 నాలుగులు 48 మీటర్ల దారి కావాలి. సన్న ఇసుక అయితే 60. గట్టు పాదం మాత్రం 31. మిగతా 17 మీటర్లో 29 మీటర్లో ఎక్కడనుంచి వస్తాయి? గట్టుకు నది వైపున ఉన్న రేగడి నేల నుంచి. ఆ నేల పొర తెగకుండా ఉన్నంతవరకు నీళ్ళు గట్టు దాకా రాకముందు ఇసుకలోకి దిగలేవు. అందుకే గట్టు పక్కన మట్టి తవ్వడం అంత ప్రమాదం. ఇటుకలకనో, గట్టునే పెంచడానికనో పక్కనే గుంట తవ్వితే, ఎత్తు పెంచామనుకుంటూ ఊట దారిని సగానికి కుదించేస్తాం. నెదర్లాండ్స్‌లో గట్టుకు రెండు వైపులా రక్షిత పట్టీ ఉంటుంది. అందులో నీటి బోర్డు అనుమతి లేకుండా పార కూడా దించకూడదు.

బ్లై సూత్రంతో వాళ్ళు ఆగిపోలేదు. సెల్మైయర్ అనే శాస్త్రవేత్త 1980లలో సొరంగం పాకే తీరును గణితంలో పెట్టారు. సొరంగం కొంత దూరం పాకి ఆగిపోతుందనీ, మట్టాల తేడా ఒక హద్దు దాటితే, దాదాపు సగం దూరం చేరాక ఇక ఆగదనీ తేలింది. 2009లో గ్రోనింగెన్ దగ్గర నిజమైన గట్లు కట్టి, లోపల కొలత పరికరాలు పెట్టి, తెగేదాకా నీళ్ళు నింపి చూశారు. తేలిందేమిటంటే పాత బ్లై సూత్రం చాలాచోట్ల భద్రతను ఎక్కువగా చూపిస్తోంది. ఎత్తు చాలినంత ఉండి, నిన్నటిదాకా మంచి గట్టు అనుకున్నవి కూడా ఒక్కసారిగా బలహీనమైనవాటి జాబితాలోకి వచ్చాయి.

మందులు మూడు నాలుగు ఉన్నాయి. స్థలం ఉంటే ఊరి వైపు మట్టి తిన్నె పోసి దారి పొడిగిస్తారు. లేకపోతే ఉక్కు పలకల్ని (షీట్ పైల్స్) నిలువుగా నేలలోకి దించుతారు. ఖర్చెక్కువ, పైగా భూగర్భ జలం కదలికను ఆపేస్తాయి. కొత్త పద్ధతి, ఊరి వైపు పాదం దగ్గర సన్నటి కందకం తీసి నిలువుగా జియోటెక్స్‌టైల్ గుడ్డ దించడం. నీళ్ళు దాటిపోతాయి, ఇసుక ఆగిపోతుంది. అదే పని ముతక ఇసుక నింపిన కందకం కూడా చేస్తుంది. సన్న ఇసుకలో పాకే సొరంగం ముతక ఇసుక దాటలేదు. మన నది ఇసుక ముతకగా దొరికే చోట ఇది ఆలోచించదగ్గది.

వరద రోజున అయితే ఇవేవీ చెయ్యలేం. అప్పుడు చెయ్యాల్సింది వాళ్ళు గట్టు కాపలాదారులకు ఏటా నేర్పిస్తారు, ఇది రాసుకోండి. ఇసుక బుగ్గ కనిపిస్తే దాన్ని మూయకూడదు. మట్టి బస్తా దాని మీద వేస్తే నీళ్ళు పక్కన మరో చోట, మీకు కనిపించని చోట లేస్తాయి. బుగ్గకు కొంత దూరంలో చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా బావి కట్టాలి. బస్తాలు మూడింట రెండు వంతులే నింపాలి, అప్పుడే ఒకదాని మీద ఒకటి ఒదిగి కూర్చుంటాయి. ఇటుకల్లా అతుకు మీద అతుకు రాకుండా పేర్చాలి. బావిలో నీళ్ళు పైకి లేస్తాయి. ఆ నీళ్ళ బరువు కింది ఒత్తిడిని ఎదిరిస్తుంది. ఇసుక రావడం ఆగి, తేట నీళ్ళు వచ్చే దాకా ఎత్తు పెంచి, అక్కడ చిన్న తూము వదలాలి. నీళ్ళను పూర్తిగా ఆపాలని ఇంకా పెంచకూడదు. తర్వాత అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టాలి. రాత్రి కూడా.

కాపలా సంగతి కూడా చెప్పేస్తాను. గట్టు సైన్యం అని వాళ్ళ పేరు. నీటి బోర్డు ఉద్యోగులతో పాటు ఊళ్ళో స్వచ్ఛందంగా చేరినవాళ్ళు. ఇద్దరిద్దరు చొప్పున, ఎవరి ముక్క వాళ్ళకు ముందే పంచి ఉంటుంది. వరద వచ్చినప్పుడు ఒకళ్ళు నెత్తి మీద, ఒకళ్ళు లోపలి పాదం వెంబడి నడుస్తారు. పాదం వెంబడి నడిచే మనిషే ఎక్కువ అవసరం, ఎందుకంటే ఊట, బుగ్గ, తడి మరక, నిలువు పగులు, ఉబ్బు అన్నీ అక్కడే కనిపిస్తాయి. జీపులో గట్టు నెత్తిన వెళ్ళిపోతే ఇవి కనిపించవు. అక్టోబరు నుంచి ఏప్రిల్ మధ్య దాకా తుపాను కాలం. ఆ నెలల్లో ప్రధాన గట్లలో తవ్వకం పని ఏదీ ముట్టుకోరు.

ఇంకో రకం గండి గురించి క్లుప్తంగా. 2003 ఆగస్టు 26, విల్నిస్ అనే ఊరు. వరద లేదు, గాలి లేదు, మండు వేసవి. రాత్రి కాలువ గట్టు ఒక ముక్క పక్కకు జరిగిపోయింది, ఊళ్ళోకి నీళ్ళు వచ్చాయి. ఆ గట్టు పీట్‌తో కట్టినది, అంటే కుళ్ళిన మొక్కల నేల. ఎండకు దానిలో తేమ ఆరిపోయి బరువు తగ్గింది. కాలువ నీటి తోపుడును ఎదిరించేది ఆ బరువే. అప్పటినుంచి కరువు వేసవుల్లో కూడా గట్లు చూస్తారు, 2018లో కొన్నిచోట్ల నీళ్ళు చల్లి తడిపారు. నల్లరేగడి గట్లున్న మనకు బరువు సమస్య రాదు కాని, పగుళ్ళ సమస్య వస్తుంది: మే నెలలో నోరు తెరిచిన పగులు జులైలో వరద వచ్చేసరికి మూసుకుందో లేదో ఎవరైనా చూడాలి.

సరే, గేట్ల దగ్గరికి వద్దాం. 1953 వరద తర్వాత ఇరవై రోజుల్లోనే డెల్టా కమిటీ వేశారు. సముద్రం లోపలికి చొచ్చుకువచ్చిన పాయల నోళ్ళు కట్టేస్తే గట్ల పొడవు తగ్గుతుంది అన్నది దాని మూల సూత్రం. ఇలాంటి ఆలోచన 1953కి ముందే చెప్పి, గట్లు చాలవని హెచ్చరించిన ఇంజనీరు యోహాన్ ఫాన్ వేన్. గేట్లున్న అడ్డుకట్టల్లో మొదటిది 1958లో హాలండ్సే ఐసెల్ నది మీద పూర్తయింది. అన్నిటిలో పెద్దది ఓస్టర్‌స్ఖెల్డె అనే పాయ మీదిది, 1986లో. 9 కిలోమీటర్లు, 65 కాంక్రీటు స్తంభాలు, 62 ఉక్కు గేట్లు, ఒక్కో గేటు వెడల్పు దాదాపు 42 మీటర్లు. స్తంభం ఒక్కోటి 18,000 టన్నుల దాకా బరువు. పొడి గుంటలో పోసి, గుంటను నీళ్ళతో నింపి, ప్రత్యేకంగా కట్టిన ఓడతో ఎత్తి తెచ్చి దించారు. దానికి ముందే ఇంకో ఓడ సముద్రం అడుగున ఇసుకను కంపనాలతో గట్టిపరిచింది, మరో ఓడ 200 మీటర్ల పొడవు, 42 మీటర్ల వెడల్పు ఉన్న, ఇసుక, కంకర నింపిన చాపలు పరిచింది. ఆ చాప లేకపోతే పోటు పాటు నీళ్ళు స్తంభాల కింద ఇసుకను ఏడాదిలో తినేస్తాయి.

మొదట ఆ పాయను పూర్తిగా మూసెయ్యాలనుకున్నారు. ఆల్చిప్పల రైతులు, జాలర్లు, పర్యావరణం కోరేవాళ్ళు ఎదురుతిరిగారు. అందుకే ఎప్పుడూ తెరిచి ఉండి, నీటిమట్టం 3 మీటర్లు దాటుతుందన్న అంచనా వస్తేనే మూసే గేట్లు వచ్చాయి. అయినా నష్టం తప్పలేదు. స్తంభాలు అడ్డం పడి పోటు ప్రవాహం బలం తగ్గింది. తుపాను అలలు లోపలి ఇసుక మేటల్ని కోసి పాయల్లోకి లాగుతాయి. దాన్ని తిరిగి మేట మీదికి తెచ్చే బలం ప్రవాహానికి ఇప్పుడు లేదు. దాన్ని వాళ్ళు ‘ఇసుక ఆకలి’ అంటారు. మేటలు అరిగితే పక్షులకు మేత పోవడమే కాదు, అలలు గట్టును నేరుగా కొడతాయి. ఇప్పుడు బయటినుంచి ఇసుక తెచ్చి మేటల మీద పోస్తున్నారు.

రాటర్‌డామ్ నోటి దగ్గర మాస్‌లాంట్ అడ్డుకట్ట ఇంకో రకం. 360 మీటర్ల వెడల్పు జలమార్గం, ప్రపంచ ఓడలన్నీ తిరిగే చోటు, మధ్యలో స్తంభం పనికిరాదు. అందుకని రెండు ఒడ్డుల్లో రెండు వంపు తలుపులు, ఒక్కోటి 210 మీటర్ల పొడవు, 22 మీటర్ల ఎత్తు. తుపాను అంచనా రాగానే తలుపులున్న రేవు నింపుతారు, తలుపులు తేలుతాయి, నీళ్ళ మీదే నది మధ్యకు జరుపుతారు. తర్వాత తలుపు లోపలికి నీళ్ళు వదిలితే మెల్లగా మునుగుతుంది. అడుగు తాకబోయే ముందు సందులోంచి నీళ్ళు వేగంగా పారి, గడప మీద పేరుకున్న బురదను కడిగేస్తాయి. నిర్ణయం కంప్యూటరుదే, మనిషి ఉద్వేగానికి వదిలెయ్యలేదు. 1997లో ప్రారంభమైంది. 2007 నవంబరులో తుపానుకు మూశారు. 3 మీటర్ల హద్దు దాటి దానంతట అది మూసుకున్నది మొదటిసారి 2023 డిసెంబరు 21న.

నిజాయితీగా చెప్పుకున్న ఒక సంగతి కూడా ఉంది. వెయ్యిసార్లు మూయాల్సి వస్తే ఒక్కసారే విఫలం కావాలి అని రూపకల్పన. 2006లో సాఫ్ట్‌వేరు, పరికరాలు, మనుషులు అన్నీ కలిపి మళ్ళీ లెక్కవేస్తే పదిసార్లకు ఒకసారి విఫలం కావచ్చని వచ్చింది. ఆ అంకెను దాచలేదు. మరమ్మతులు చేసి, శిక్షణ పెంచి, వందకు ఒకటికి తెచ్చారు. అది వెయ్యికి ఒకటి కాదు కాబట్టి వెనకనున్న గట్లను ఆ వందకు ఒకటికి తగ్గట్టు లెక్కకట్టారు. ఏటా సెప్టెంబరులో, తుపాను కాలానికి ముందు, నిజంగా మూసి చూస్తారు.

డబ్బు ఎవరిదనేది మన దగ్గర ఎప్పుడూ అడిగే ప్రశ్న. అక్కడ 21 నీటి బోర్డులున్నాయి. 1950 ప్రాంతాల్లో 2,500కు పైన ఉండేవి. లైడెన్ చుట్టుపక్కలున్న రైన్‌లాండ్ బోర్డు 13వ శతాబ్దం నాటిది. నాలుగేళ్ళకోసారి ఎన్నికలు. బోర్డే స్వయంగా పన్ను వేసి వసూలు చేస్తుంది, ఆ డబ్బు గట్లకు, పంపులకు, మురుగునీటి శుద్ధికి తప్ప మరోదానికి పోదు. ప్రధాన గట్ల పటిష్ఠతకు కేంద్ర ప్రభుత్వం సగం, బోర్డులన్నీ కలిసి సగం. పని జరిగే బోర్డు తన పనిలో 10 శాతం తనే భరించాలి, అప్పుడే ఖర్చు మీద జాగ్రత్త ఉంటుంది. పాత రోజుల్లో ఇంకా కటువు: ప్రతి రైతుకూ గట్టులో తన ముక్క ఉండేది, దాన్ని చూసుకోలేకపోతే తన పారను గట్టులో గుచ్చి భూమి వదిలి వెళ్ళిపోవాలి. ఆ పార పీకినవాడికి భూమీ, గట్టు బాధ్యతా రెండూ.

‘నదికి చోటు’ గురించి ఒక్క మాట. 1995లో నదులు పొంగి రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, గట్లు పెంచుకుంటూ పోతే లాభం లేదనుకుని 30కి పైగా చోట్ల నదిని వెడల్పు చేశారు. నైమేఖన్ ఎదురుగా లెంట్ దగ్గర గట్టును 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన కొత్త పాయ తవ్వితే వరద మట్టం 35 సెంటీమీటర్లు తగ్గింది. దాదాపు 50 ఇళ్ళు తీసేయాల్సి వచ్చింది. ఓవర్‌డీప్ పోల్డర్‌లో రైతులే ముందుకు వచ్చి, పొలాల్లోకి వరద రానివ్వడానికి ఒప్పుకుని, 8 మట్టి దిబ్బల మీద ఇళ్ళూ పశువుల కొట్టాలూ కట్టించుకున్నారు. లంక ఊళ్ళ వాళ్ళకు దిబ్బ మీద ఇల్లు కొత్త కాదు. అక్కడ కొత్తది ఏమిటంటే, దిబ్బ ఎత్తు, నష్టపరిహారం, రోడ్డు, అన్నీ వరదకు ముందే ఒప్పందంలో రాసుకోవడం.

ప్రశ్నలు తీసుకుంటాను.

సభ నుంచి ప్రశ్న: అయ్యా, ఇన్ని తంటాలు ఎందుకు? గట్టు మొత్తానికి సిమెంటు కాంక్రీటు లైనింగ్ చేసేస్తే సరిపోదా?

అలలు కొట్టే వైపు గట్టి కవచం కావాలి, వాళ్ళూ పెడతారు. కాని అది నీళ్ళను బయటికి వదిలేదిగా ఉండాలి. వరద నిలబడినప్పుడు గట్టు నానుతుంది. వరద ఒక్కసారిగా తీసినప్పుడు లోపలి నీళ్ళు బయటికి రావాలి. అడ్డంగా అతుకులేని సిమెంటు పలక ఉంటే ఆ ఒత్తిడి పలకను లేపుతుంది, పగులుతుంది. అందుకే వాళ్ళు బసాల్టు స్తంభాల రాళ్ళు, కాంక్రీటు దిమ్మెలు విడివిడిగా పేర్చి, కింద కంకర పొర, దాని కింద జియోటెక్స్‌టైల్ వేస్తారు. ఈ వడపోత పొర సరిగా లేకపోతే ప్రతి అలకూ కాస్త మట్టి సందుల్లోంచి పోతుంది. పైన రాయి అలాగే ఉంటుంది, కింద ఖాళీ. కర్రతో కొడితే డొల్ల మోత వినిపిస్తుంది. మీ గట్టు రాతి కట్టుబడి (రివిట్‌మెంటు) మీద ఆ పరీక్ష మీరూ చెయ్యొచ్చు.

మరో ప్రశ్న: గట్టు మీద మేము తాడిచెట్లు, వేపచెట్లు పెంచుతున్నాం, వేళ్ళు మట్టిని పట్టి ఉంచవా అండి?

చిన్న మొక్కల వేళ్ళు, గడ్డి వేళ్ళు పట్టి ఉంచుతాయి. పెద్ద చెట్టు సంగతి వేరమ్మా. తుపానులో చెట్టు పడితే వేళ్ళతో పాటు రెండు మూడు ఘనపు మీటర్ల మట్టిని పెకిలించుకుని పోతుంది, అదీ వరద వచ్చిన రాత్రే. దాని నీడలో గడ్డి పెరగదు. చచ్చిన చెట్టు వేళ్ళు కుళ్ళితే గట్టు అడ్డంగా గొట్టాలు మిగులుతాయి. వాటిలో పందికొక్కులు చేరతాయి. హాలెండ్‌లో ఆ పని మస్క్‌రాట్ అనే నీటి ఎలుక చేస్తుంది, వాటిని పట్టడానికి నీటి బోర్డులు జీతం ఇచ్చి మనుషుల్ని పెట్టుకున్నాయి. అక్కడ గట్టు కొలతల లోపలికి వేరు రాకుండా దూరంగా ఉన్న చెట్టుకే అనుమతి. ఇప్పటికే ఉన్న చెట్టును మొదలు దాకా నరికి వదిలెయ్యకండి, అది ఇంకా ప్రమాదం. వేళ్ళతో సహా తవ్వి తీసి, గుంట అంచులు మెట్లు మెట్లుగా కోసి, రేగడి మట్టిని జానెడు మందం పొరలుగా వేసి ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టి నింపాలి. పైన గడ్డి నాటాలి. గడ్డి వేరు పట్టడానికి ఒక వానాకాలం పడుతుంది కాబట్టి, వరద తీశాక నవంబరు, డిసెంబరుల్లోనే ఆ పని మొదలుపెట్టండి, జూన్ దాకా ఆగకండి.